ఆమె నెత్తురుకు లెక్క లేదా?

నెత్తురు సరిగ్గా గడ్డకట్టని హీమోఫిలియా మగపిల్లల జబ్బు, ఆడవాళ్లు దాన్ని మోసే క్యారియర్లు మాత్రమే. బడిలో మనకు చెప్పింది ఇంతే. విక్టోరియా రాణి కథలోనూ కొడుకు లియోపోల్డ్, మునిమనవడు అలెక్సీల బాధే వింటాం. మధ్యలో ఉన్న ఆడవాళ్ల నెత్తురు ఎలా గడ్డకట్టిందో ఎవరూ అడగరు. ఆ ‘క్యారియర్’ అనే మాటే ఆడవాళ్ల ప్రాణం మీదికి తెస్తోందని నా వాదన.

ఈ లోపం ఉండేది ఎక్స్ క్రోమోజోములో. స్త్రీకి అవి రెండుంటాయి, ఒకటి చెడ్డా రెండోది కాపాడుతుందని అంటారు. కానీ 1961లోనే జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ అసలు సంగతి చెప్పారు: ఒక్కో కణంలో ఒక ఎక్స్ పనిచేస్తుంది, రెండోది నిద్రపోతుంది. ఏది నిద్రపోవాలో పిండం తొలిరోజుల్లోనే చీటీలు తీసినట్టు తేలిపోతుంది. ఎక్కువ కణాల్లో మంచిదే నిద్రపోతే నెత్తురు గడ్డకట్టించే ప్రోటీన్ ‘ఫ్యాక్టర్ 8’ పడిపోతుంది. అందుకే లోపం ఒకటే అయినా అక్కకు ఏమీ ఉండదు, చెల్లెలికి పన్ను పీకిస్తే నెత్తురు ఆగదు. ఫ్యాక్టర్ మామూలు స్థాయిలో 40 శాతం కన్నా తక్కువ ఉంటే ఆమెను హీమోఫిలియా ఉన్న స్త్రీగానే పిలవాలని 2021లో అంతర్జాతీయ నిపుణులు తేల్చారు కూడా.

మన మేనరికాల సంగతీ చూడండి. హీమోఫిలియా ఉన్న మేనమామకు అక్క కూతుర్నిస్తే, ఆ పిల్లలోనూ అదే లోపం ఉంటే, పుట్టే ప్రతి ఆడపిల్లకూ రెండు ఎక్స్‌లూ లోపంతోనే వచ్చే అవకాశం సగం.

పరీక్షలు చేయిస్తే పెళ్లి సంబంధాలు చెడతాయని, చాలామందికి పెద్ద ఇబ్బందే ఉండదని అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇప్పుడు దాచింది కాన్పు తర్వాత బయటపడుతుంది. గర్భంలో పెరిగిన ఫ్యాక్టర్ 8 ఆ తర్వాత దిగిపోతుంది. కాన్పు రోజు బాగానే ఉన్న బాలింతకు ఇంటికెళ్లాక రక్తస్రావం మొదలవచ్చు.

అసలు నా కోపం ఇంకాస్త పెద్దది. పది రోజులు నెలసరి ఆగకపోతే ‘అందరికీ ఉండేదే, ఓర్చుకో’ అంటాం, ఐరన్ మాత్రలు చేతిలో పెడతాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తిండి సంగతి అడుగుతున్నాం సరే, నెలనెలా ఎంత నెత్తురు పోతోందని వాళ్లలో ఎంతమందిని అడిగాం?

పిల్లవాడికి హీమోఫిలియా అని తేలిన రోజే తల్లికి, అక్కచెల్లెళ్లకు, పిన్ని, పెద్దమ్మలకు ఫ్యాక్టర్ పరీక్ష రాయాలి. తక్కువని తేలితే ఆమె పేరు పిల్లవాడి కేసు షీటులో ఓ మూల కాదు, సొంత కేసు షీటు మీద ఉండాలి.