ఏటా ప్యాట్ టెస్ట్ తప్పనిసరి అట, 50 పెన్స్‌కే అయిపోతుందట!

యూకేలో ఉండే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఒక గ్రూపులో చల్లారితే ఇంకో గ్రూపులో లేస్తుంది. దాని సారాంశం ఇది: "షాపు, రెస్టారెంటు, ఆఫీసు, అద్దెకిచ్చిన ఇల్లు, ఏదైనా సరే, ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువుకీ ఏటా ప్యాట్ టెస్ట్ చేయించడం చట్టప్రకారం తప్పనిసరి. కొత్తగా కొన్నవాటికి కూడా. లేకపోతే ఫైన్. టెస్ట్ చేసేది మెషినే కాబట్టి ఎవరు చేసినా ఒకటే. వస్తువుకి 50 పెన్స్‌కి వచ్చేవాళ్లున్నారు, ఎక్కువ అడిగేవాళ్లకి ఇవ్వకండి. పచ్చ స్టిక్కర్ పడితే ఏడాదిపాటు టెన్షన్ లేదు. స్టూడెంట్స్ కూడా ఒక మెషిన్ కొనుక్కుని ఈ పని మొదలుపెట్టొచ్చు."

ప్యాట్ అంటే పోర్టబుల్ అప్లయన్స్ టెస్టింగ్. కెటిల్, టోస్టర్, కంప్యూటర్, ఎక్స్‌టెన్షన్ బోర్డు లాంటివాటిని చూసి, మెషిన్‌తో పరీక్షించి, ఫలితం రాసి ఇచ్చే పని. నేను ఇంగ్లండ్‌లో ఈ పనే చేస్తాను. అంటే ఆ మెసేజ్ చెప్పిన "ఎక్కువ అడిగేవాళ్ల"లో నేనూ ఒకణ్ని. నా మాటల్లో స్వార్థం వెతుక్కునేవాళ్లు వెతుక్కోవచ్చు. అయితే మొదటి పాయింటులో నేను చెప్పబోయేది నా గిరాకీ తగ్గించే మాటే.

"ఏటా చేయించడం చట్టం" అంటున్నారు. ఆ చట్టం చూపించమంటే మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. ఉన్నవి ఎలక్ట్రిసిటీ ఎట్ వర్క్ రెగ్యులేషన్స్, 1989 నాటివి. పని జరిగే చోట విద్యుత్ పరికరాల వల్ల ప్రమాదం రాకుండా, సాధ్యమైనంత మేరకు, వాటిని మంచి స్థితిలో ఉంచుకోవాలి అన్నదే వాటి సారం. అందులో ప్యాట్ అన్న మాట లేదు, ఏడాది అన్న గడువు లేదు, స్టిక్కర్ ఊసే లేదు. ఆ నిబంధనలు అమలు చేయించే హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివే ఈ సంగతి బాహాటంగా చెబుతోంది: ఏటా టెస్ట్ అక్కర్లేదు, స్టిక్కర్లు వేయాలని చట్టంలో లేదు, రికార్డు రాసి పెట్టుకుంటే మంచిదే గానీ అదీ తప్పనిసరి కాదు. 2011లో ప్రొఫెసర్ రాగ్నర్ లోఫ్‌స్టెట్ ప్రభుత్వం కోసం భద్రతా నిబంధనలన్నీ సమీక్షించినప్పుడు, ప్యాట్ విషయంలో జనం అవసరానికి మించి చేయిస్తున్నారని, అసలు నియమమేమిటో స్పష్టంగా చెప్పాలని సిఫారసు చేశారు. మేం పని చేసేటప్పుడు దగ్గర పెట్టుకునే, ఐఈటీ అనే ఇంజినీర్ల సంస్థ రాసిన కోడ్ ఆఫ్ ప్రాక్టీస్ కూడా 2020లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో "ఇన్ని నెలలకోసారి" అని సూచించే పాత పట్టికను తీసేసింది. వస్తువేమిటి, ఎవరు వాడతారు, ఎక్కడ వాడతారు అన్నది చూసి గడువు మీరే నిర్ణయించుకోండి అంది.

ఆఫీసు బల్ల మీద కదలకుండా కూర్చున్న కంప్యూటర్‌ని ఐదేళ్ల దాకా మెషిన్‌కి తగిలించకపోయినా పర్వాలేదు, మధ్యలో ఒకటి రెండుసార్లు కళ్లతో సరిగ్గా చూస్తే చాలు. మెటల్ బాడీ కెటిల్‌కి ఏడాది, రెండేళ్లు. బ్యాటరీతో నడిచేవాటికి అసలు అక్కర్లేదు. అదే రెస్టారెంటు కిచెన్‌లో ఆవిరి, నూనె, తడి మధ్య రోజంతా తిరిగే గ్రైండర్‌కైతే ఏడాది కూడా ఎక్కువే కావచ్చు. కన్‌స్ట్రక్షన్ సైట్‌లో వాడే పనిముట్లకి లెక్క నెలల్లోనే. అన్నిటికీ ఏడాది అనేసినవాళ్లు ఇవేవీ చూడలేదన్నమాట.

ఇల్లు అద్దెకిచ్చినవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. ఇంగ్లండ్‌లో ప్రైవేటు ఓనర్లకి 2020 నుంచి ఉన్న, ఐదేళ్లకోసారి తనిఖీ చేయించాలన్న నిబంధన గోడల్లో ఉండే వైరింగుకి. ప్లగ్గు పెట్టే వస్తువులు అందులోకి రావు. మీరిచ్చిన ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ సురక్షితంగా ఉండాల్సిన బాధ్యత ఎలాగూ మీదే. గదులు విడివిడిగా అద్దెకిచ్చే హెచ్ఎంఓ లైసెన్సు ఉంటే, అడిగినప్పుడు కౌన్సిల్‌కి ఆ మేరకు రాసివ్వాలి కూడా. స్కాట్లాండ్‌లో మాత్రం ఓనర్ ఇచ్చిన వస్తువులకి ఐదేళ్లకోసారైనా టెస్ట్ తప్పనిసరి. అంత కచ్చితంగా ఉన్న చోట కూడా గడువు ఐదేళ్లే తప్ప ఏడాది కాదు. ఇక ఇన్సూరెన్స్ కంపెనీ తన పాలసీలో ఏటా అని రాసుకుంటే అది మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. పాలసీ తీసి చదువుకోండి, వాట్సాప్‌ని అడగకండి.

ఈ "ఏటా" అన్న అబద్ధానికీ, 50 పెన్స్ రేటుకీ నేరుగా సంబంధం ఉంది. అక్కర్లేని టెస్ట్ ఏటా చేయించుకునేవాడికి ఖర్చు తప్ప ఉపయోగం కనిపించదు. అందుకని ఫైల్లో పెట్టుకోవడానికి ఒక కాగితం, అంటించడానికి ఒక స్టిక్కర్ ఎవరు చవగ్గా ఇస్తే వాళ్లని పిలుస్తాడు. కొనేవాడే స్టిక్కర్ అడుగుతుంటే అమ్మేవాడు తనిఖీ ఎందుకు చేస్తాడు?

కొత్త వస్తువులు కూడా టెస్ట్ చేయాలన్నది ఒక్క ముక్కలో తేలిపోతుంది. కొత్తది సురక్షితంగా ఉండేలా చూసి అమ్మడం తయారుచేసినవాడి బాధ్యత, అమ్మినవాడి బాధ్యత. పెట్టె విప్పినప్పుడు ఎక్కడా దెబ్బ తినలేదని చూసుకుంటే సరిపోతుంది.

"మెషినే చేస్తుంది, ఎవరు చేసినా ఒకటే" అన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. లోపాల్లో ఎక్కువ భాగం దొరికేది కంటికే, మెషిన్‌కి కాదు. ఒక టేక్‌అవే కిచెన్‌లో ఫ్రిజ్ వెనక ప్లగ్గు తీసి చూస్తే, ఫ్యూజు ఉండాల్సిన చోట సిల్వర్ ఫాయిల్ చుట్టి ఉంది. ప్లగ్గు మీద పాస్ అన్న పచ్చ స్టిక్కర్ నిగనిగలాడుతోంది. మెషిన్‌కి తగిలిస్తే అది మళ్లీ పాసే అవుతుంది, ఎందుకంటే ఫాయిల్‌లోంచి కరెంటు బ్రహ్మాండంగా పోతుంది! వైరు ఎంత వేడెక్కినా ఆపేది ఏదీ లేదన్న సంగతి మెషిన్‌కి తెలియదు. ప్లగ్గు వెనక మూత తెరిచి, ఫ్యూజు 3 ఆంప్‌లదా 13 ఆంప్‌లదా, ఆ వైరుకి తగినదేనా అని చూసే మనిషికే తెలుస్తుంది.

మెషిన్ చేసే భాగానికి కూడా మనిషే కావాలి. టోస్టర్ సంగతే తీసుకోండి. ఇన్సులేషన్ టెస్ట్‌లో మెషిన్ 500 వోల్టులు పంపి, కరెంటు పోయే వైర్లకీ ఎర్త్‌కీ మధ్య ఎంత అడ్డు ఉందో కొలుస్తుంది. మెటల్ బాడీ ఉండి ఎర్త్ చేసిన వస్తువుకి సాధారణంగా కనీసం 1 మెగాఓమ్ రావాలి. అయితే టోస్టర్ లీవరు పైన ఉంటే లోపలి స్విచ్చి తెరుచుకునే ఉంటుంది, 500 వోల్టులు ఆ స్విచ్చి దాకా పోయి ఆగిపోతాయి. అంటే మీరు టెస్ట్ చేసింది వైరునే, టోస్టర్‌ని కాదు. చాలా టోస్టర్లలో లీవరు కిందే నిలబడాలంటే కరెంటు ఉండాలి. కాబట్టి టెస్ట్ అయ్యేదాకా దాన్ని చేత్తో నొక్కి పట్టుకోవాలి. పట్టుకోకపోతే ఏమవుతుంది? మెషిన్ ఎర్రలైటు చూపించదు. రీడింగ్ ఇంకా బాగా వస్తుంది, పాస్ అంటుంది. మెటల్ బాడీ నుంచి ప్లగ్గు ఎర్త్ పిన్ను దాకా దారి సరిగ్గా ఉందో చూసే ఎర్త్ టెస్ట్‌లోనూ అంతే. క్లిప్పు పెయింటు మీద పెడితే మంచి వస్తువు ఫెయిలవుతుంది, తప్పుడు చోట పెడితే చెడ్డది పాసవుతుంది.

ఇప్పుడు 50 పెన్స్ లెక్క వేద్దాం. 21 ఏళ్లు నిండినవాళ్లకి గంటకి కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో 12.21 పౌండ్లు అయింది. వస్తువుకి 50 పెన్స్, అంటే అర పౌండు చొప్పున ఆ మాత్రం రావాలంటే గంటకి 25 వస్తువులు చేయాలి, అంటే ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు కూడా లేవు. ఇందులో పెట్రోలు, ఇన్సూరెన్స్, మెషిన్‌కి చేయించే క్యాలిబ్రేషన్ (అది సరిగ్గా కొలుస్తోందా అన్న తనిఖీ), పార్కింగ్ లేవు. ఆ రెండున్నర నిమిషాల్లో బల్ల కిందికి దూరాలి, పని చేసుకుంటున్న ఆవిడని కంప్యూటర్ ఆపమని బతిమాలాలి, ప్లగ్గు పీకాలి, వైరు పొడవునా వేళ్లతో తడిమి చూడాలి, ఫ్యూజు చూడాలి, రెండు టెస్టులు చేయాలి, రాసుకోవాలి, మళ్లీ ప్లగ్గు పెట్టాలి. కుదరదు. కుదరదని ఆ రేటు చెప్పినవాడికీ తెలుసు. అందుకే కొందరు రోల్‌లోంచి స్టిక్కర్ పీకి అంటించుకుంటూ పోతారు, రీడింగులు రాత్రి ఇంట్లో కూర్చుని నింపుతారు. ఇంకొందరు ఫోన్‌లో 50 పెన్స్ అని చెప్పి, వచ్చాక కంప్యూటర్ ఒకటి, దాని వైరు ఒకటి, మానిటర్ ఒకటి, దాని వైరు ఒకటి అని లెక్కపెట్టి, ఫ్యూజు మార్చినందుకు విడిగా వేసి, బిల్లు ఎక్కడికో తీసుకుపోతారు. విడిగా ఊడొచ్చే వైరుని వేరే వస్తువుగా లెక్కించడం తప్పు కాదు, నేనూ లెక్కిస్తాను. కాకపోతే రేటు చెప్పేటప్పుడే ఆ ముక్క చెప్పాలి.

దొంగ రిపోర్టుని మీరే పట్టుకోవచ్చు. ఎర్త్ రీడింగుల వరస చూడండి. మీటరు పొడవున్న కెటిల్ వైరుకీ పది మీటర్ల ఎక్స్‌టెన్షన్‌కీ ఒకే సంఖ్య రాదు. వైరు పొడవు పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. 1.25 చదరపు మిల్లీమీటర్ల వైరు పది మీటర్లుంటే వైరుకే దాదాపు 0.16 ఓమ్ వస్తుంది. సన్నటి మీటరు వైరుకి 0.03 దగ్గర ఉంటుంది. పైనుంచి కింది దాకా 0.05, 0.05, 0.05 అని ఉంటే ఆ మెషిన్ పెట్టెలోంచి బయటికి రాలేదని అర్థం. పనిలో పని, పాస్ హద్దు 0.1 ఓమ్ దాటింది కాబట్టి ఎక్స్‌టెన్షన్ ఫెయిల్ అనేవాళ్లు కూడా ఉన్నారు. ఆ 0.1కి వైరు సొంత రెసిస్టెన్స్ కలిపి చూడాలని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, మంచి బోర్డులు చెత్తబుట్ట పాలవుతాయి.

"స్టిక్కర్ ఉంటే ఏడాది టెన్షన్ లేదు." ఆ టెస్ట్ ఆ రోజుకి, ఆ నిమిషానికి. మర్నాడు కుర్చీ చక్రం వైరు మీదుగా పోతే స్టిక్కర్ అడ్డుకోదు. పైగా వస్తువు లోపల తయారీ లోపమో, వాడగా వాడగా వచ్చిన లోపమో ఉంటే ప్యాట్‌కి దొరకకపోవచ్చు. 2017 జూన్‌లో లండన్‌లో 72 మంది ప్రాణాలు తీసిన గ్రెన్‌ఫెల్ టవర్ మంటలు ఒక ఫ్లాటులోని ఫ్రిజ్-ఫ్రీజర్‌లో పుట్టాయని విచారణలో తేలింది. మంటలు భవనమంతా పాకడానికి కారణం గోడల మీది క్లాడింగ్, అది వేరే కథ. నేను చెప్పేదల్లా, కంపెనీలు వెనక్కి పిలిచిన మోడళ్ల జాబితాలో మీ వస్తువు ఉందేమో చూసుకోవడానికి పైసా ఖర్చు కాదు, అయినా చూసేవాళ్లు తక్కువ.

మన ఇళ్లల్లో ఇంకోటి ఉంది: ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న మిక్సీ. వోల్టేజీ ఇక్కడా అక్కడా 230 కాబట్టి బాగానే తిరుగుతుంది. గుండ్రటి పిన్నుల ప్లగ్గుకి ట్రావెల్ అడాప్టర్ తగిలిస్తారు, వాటిలో చాలావాటికి ఎర్త్ ఉండదు. మెటల్ బాడీ మిక్సీ లోపల వైరు ఊడి బాడీకి తగిలితే ఇక దిక్కు లేదు. సంఘాల పండగ భోజనాలకి హాల్లో ఇవే వరసగా పెట్టి పచ్చళ్లు నూరుతుంటారు, అదీ తడి చేతులతో. అడాప్టర్ తీసేసి, పని తెలిసినవాళ్లతో ఇక్కడి మూడు పిన్నుల ప్లగ్గు, వైరుకి తగిన ఫ్యూజు వేయించుకోండి.

ఇక స్టూడెంట్స్‌కి ఇచ్చిన సలహా. యూకే స్టూడెంట్ వీసా మీద సొంతంగా వ్యాపారం చేయకూడదు, సెల్ఫ్ ఎంప్లాయిడ్‌గా పనిచేయకూడదు. మెషిన్ కొనుక్కుని ఇంటింటికీ తిరిగి బిల్లు ఇస్తే వీసా షరతు దాటినట్టే, ఈ సలహా ఇచ్చినవాడు రేపు వీసాలు చూసే హోమ్ ఆఫీసుకి జవాబు చెప్పడు. ఏదైనా కంపెనీలో జీతానికి చేరొచ్చు, డిగ్రీ స్థాయి కోర్సుల్లో ఉన్నవాళ్లకి టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటల లోపు. ఈ పనికి లైసెన్సు లేదన్న మాట నిజమే, చట్టం అడిగేది పని తెలిసినవాడు చేయాలనే. సిటీ అండ్ గిల్డ్స్ సంస్థ ఈ పనికి పెట్టిన 2377 కోర్సు మంచి మొదలు, దాని తర్వాత కొన్నాళ్లు పని తెలిసినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాలి. వస్తువు లెక్కన డబ్బులిస్తామని ఎవరైనా పిలిస్తే, గంటకి ఎన్ని చేయాలని మొదటి రోజే అడగండి. పాతికకి పైన చెబితే మీ చేత చేయించబోయేది టెస్టులు కాదు, సంతకాలు. ఆ రిపోర్టులో టెస్ట్ చేసింది ఎవరు అన్న గడిలో మీ పేరే ఉంటుంది, కంపెనీ ఓనర్ పేరు కాదు.