మిల్లీమీటరు మాహాత్మ్యం

ఆఫీసు ల్యాప్‌టాప్‌కు ఉండవలసిన ప్రథమ లక్షణం పని చేయడం అని నమ్మే అమాయకులు ఇంకా కొందరు మన మధ్య మిగిలి ఉన్నారు. వారి అజ్ఞానాన్ని తొలగించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ప్రథమ లక్షణం సన్నగా ఉండడం. రెండవది, ఎంత సన్నగా ఉందో పక్క కుర్చీలోని వారికి కనబడడం. పని సంగతి ఆ తర్వాత, బ్యాటరీ మిగిలి ఉంటే చూసుకోవచ్చు.

ఈ సత్యం లోకానికి 2008 జనవరిలో వెల్లడైంది. వేదిక మీద ఆపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్ ఒక మామూలు కాగితపు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీసిన నాటి నుంచి, కవరులో పట్టనిది ల్యాప్‌టాప్ కాదన్న శాస్త్రం స్థిరపడిపోయింది. ఆ యంత్రం మందం అంచు దగ్గర 4 మిల్లీమీటర్లు, అసలు ఒంటి దగ్గర 19.4 మిల్లీమీటర్లు. మనిషి నడుము కొలవమంటే చిటికెనవేలు చాపే ఈ సంప్రదాయం అప్పటి నుంచి చెక్కుచెదరలేదు. 2011లో ప్రాసెసర్లు తయారుచేసే ఇంటెల్ సంస్థ 'అల్ట్రాబుక్' అనే కులానికి నియమాలు రాస్తూ, 14 అంగుళాల లోపు తెర ఉన్నవి 18 మిల్లీమీటర్లు, ఆపైవి 21 మిల్లీమీటర్లు మించరాదని హద్దు గీసింది. 2015 నాటి 12 అంగుళాల మ్యాక్‌బుక్ 13.1 మిల్లీమీటర్లకు చిక్కిపోయి, ఛార్జింగుకూ పెన్‌డ్రైవుకూ బయటి తెరకూ కలిపి ఒకే రంధ్రాన్ని మిగిల్చుకుంది. అది ఏకపత్నీవ్రతంలాంటి ఏకపోర్టు వ్రతం. హెడ్‌ఫోను రంధ్రాన్ని లెక్కలోకి తీసుకోవడం మర్యాద కాదు.

సన్నబడాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి గనుక, ముందుగా నెట్‌వర్కు కేబులు పోర్టు వీధిన పడింది. దాని ఎత్తు సెంటీమీటరు పైచిలుకు. మూత మందం తీసేస్తే కింది భాగానికి మిగిలే ఎత్తులో అది పట్టదు. కొందరు తయారీదారులు దాన్ని పూర్తిగా చంపలేక, కేబులు పెట్టేటప్పుడు కింది దవడ జారి తెరుచుకునే ఏర్పాటు చేశారు. ఆ పోర్టు నోరు తెరిచినప్పుడల్లా నాకు ఏదో చెప్పుకోవాలనుకుంటున్నట్టే ఉంటుంది.

అసలు విషాదమంతా వేడి దగ్గర ఉంది. పేరుకు 15 వాట్ల తరగతి ప్రాసెసరే అయినా, అవసరం పడితే వాటిలో కొన్ని కాసేపు 50 వాట్లు దాటి మింగగలవు. ఆ వేడిని బయటికి పంపడానికి రాగి గొట్టాలూ రెక్కలూ గాలి ఆడే చోటూ కావాలి. ఆ చోటునే మనం సౌందర్యానికి దానం చేశాం. అందువల్ల పెద్ద ఫైలు తెరిచిన మొదటి అరనిమిషం యంత్రం లేడిపిల్లలా పరుగెత్తుతుంది, ఆ తర్వాత ఒళ్లు కాలి నడకకు దిగుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని పెద్దలు అన్నది సన్నటి ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసరును, దాని నెత్తిన కూర్చుని వేడిని లాగవలసిన హీట్‌సింకును చూసే అయి ఉండాలి. పలుచని ఫ్యాను అదే గాలిని తోయాలంటే మరింత వేగంగా తిరగాలి గనుక, దాని రొద సన్నగా, ఈలలాగా సాగుతుంది. వీడియో సమావేశంలో నేను నోరు విప్పగానే అవతలివారు నా మీద జాలితో, ప్రయాణంలో ఉన్నారా అని అడుగుతుంటారు. పేరులోనే ఒడి ఉన్న ఈ వస్తువును ఒడిలో పెట్టుకోవద్దని, గట్టి చదునైన బల్ల మీద ఉంచమని వాడుక పుస్తకాలే హితవు చెబుతాయి.

బ్యాటరీ సంగతి కూడికలు తీసివేతలు వచ్చిన ఎవరికైనా బోధపడుతుంది. 54 వాట్-అవర్ల బ్యాటరీ, యంత్రం 5 వాట్లతో కునుకు తీస్తుంటే పది గంటలు దాటి వస్తుంది. వీడియో సమావేశంలో 20 వాట్లు తాగితే మూడు గంటలకు ముందే కన్ను మూస్తుంది. ప్రకటనలో ఉండే అంకె మొదటిది, మన బతుకులో ఉండేది రెండవది.

మెమరీని బోర్డుకే అతికించేయడం మీద మాత్రం నేను అందరిలాగా మండిపడను. తక్కువ కరెంటుతో నడిచే ఎల్‌పీడీడీఆర్ రకానికి తీగలు పొట్టిగా ఉండాలన్నది నిజమైన ఇంజినీరింగు అవసరం. అలాంటి మెమరీనే స్క్రూలతో బిగించే ఎల్‌పీక్యామ్2 పలకలు 2024 నుంచి కొన్ని యంత్రాల్లో కనబడుతున్నాయి. అయితే మార్చడానికి వీలుండడం కూడా ఒక రకం మందమే కాబట్టి, భక్తులు తొందరపడి సంతోషించరాదు.

కీబోర్డు మీట ఎంత లోతుకు దిగాలన్నదీ ఇలాగే తేలిపోయింది. పైన చెప్పిన ఏకపోర్టు వ్రతస్థురాలి మీటలు అర మిల్లీమీటరు మాత్రమే దిగేవి. వాటి కిందికి చిన్న నలుసు చేరినా అక్షరం ఎగిరిపోయేది, లేదా రెండుసార్లు పడేది. 2018లో ఆపిల్ ఆ కుటుంబం కీబోర్డులకు ఉచిత మరమ్మతు ప్రకటించి, 2022లో కొన్నవారు వేసిన దావా పరిష్కారానికి 5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అదే సంస్థ 2021లో తన పెద్ద ల్యాప్‌టాప్‌లకు, బయటి తెరను కలిపే హెచ్‌డీఎంఐ పోర్టును తిరిగి పెట్టింది. మతభ్రష్టత్వం ఎంతటివారినైనా వదలదు.

కొత్త ల్యాప్‌టాప్ నా చేతికి వచ్చిన రోజున, శాస్త్రీయ దృష్టి కలవాడిని గనుక, వంటింటి తూకం తెచ్చి బల్ల మీద పెట్టాను. ల్యాప్‌టాప్ 1,120 గ్రాములు. గర్వంతో ఆగిపోవలసింది, ఆగలేదు. ఛార్జరు 340, పోర్టులన్నీ తిరిగి ఇచ్చే హబ్బు 95, నెట్‌వర్కు అడాప్టరు 40, వేళ్లు నొప్పి పుట్టి కొనుక్కున్న విడి కీబోర్డు 480. మొత్తం 2,075 గ్రాములు. మూలన ఉన్న పాత ల్యాప్‌టాపును, దాని ఛార్జరును కలిపి తూచితే 2,070 వచ్చింది. ఆ 5 గ్రాములు పురోగతి బరువు అని నిర్ధారించుకుని తూకాన్ని వంటింట్లో పెట్టేశాను.

కిందటి సమావేశంలో ఎనిమిది మందిమి ప్రొజెక్టరు చుట్టూ చేరాం. ఏడుగురివి సన్నటివే. హెచ్‌డీఎంఐ వైరు చేతులు మారుతూ బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది; హబ్బు తెచ్చానన్నవారికి అది ఇంట్లో ఉందని గుర్తుకొచ్చింది. చివరికి వైరు ఎనిమిదో ఆయన దగ్గరికి చేరింది. ఆయన ఏమీ మాట్లాడకుండా, తన ఆరేళ్ల నాటి లావుపాటి ల్యాప్‌టాప్ పక్కటెముకల్లో దాన్ని గుచ్చగానే గోడ మీద బొమ్మ పడింది. మేమంతా ఆ యంత్రం వైపు చూడకుండా, గోడ వైపే శ్రద్ధగా చూస్తూ గంటసేపు చర్చించాం. ఆ వారాంతానికే ఆయనకూ సన్నటిది మంజూరైంది.