బతికుండగానే ఎఫ్ఐఆర్ రాయండి

ఠాణా నుంచి పత్రికలకు తరచూ ఒక చిన్న కబురు వస్తుంది. బస్టాండ్ దగ్గర గుర్తు తెలియని వ్యక్తి మృతి, వయసు యాభై పైన, గళ్ల లుంగీ, చేతి మీద పచ్చబొట్టు, గుర్తుపట్టినవారు సంప్రదించాలి. మేమూ లోపలి పేజీలో నాలుగు లైన్లు వేసి వదిలేస్తాం. ఆ మనిషి అక్కడ ఎన్ని రాత్రులు పడుకున్నాడో రోజూ ఆ దారిన తిరిగే పెట్రోలింగ్ వాళ్లకు తెలియకుండా ఉండదు. పేరేమిటి, ఊరేది అన్న వెతుకులాట మాత్రం పంచనామాతో మొదలవుతుంది.

చట్టం బతికుండగానే వెతకమంటోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ చూడండి. మతిస్థిమితం లేక రోడ్ల మీద తిరిగే మనిషిని 24 గంటల్లోగా ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి, లాకప్పులో పెట్టకూడదు. తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ రాసి ఇంటివాళ్ల ఆచూకీ తీయడం ఠాణా బాధ్యుడైన అధికారి (ఎస్‌హెచ్‌ఓ) విధి. కొడుకులు వదిలేసిన ముసలమ్మ సంగతైతే, 2007 వయోవృద్ధుల చట్టం కింద పోలీసులే నేరుగా కేసు పెట్టొచ్చు.

అయితే "లే, ఇక్కడ్నుంచి పో" అనే కానిస్టేబుల్‌నే తిడితే సరిపోదు. అర్ధరాత్రి అతను ఆ మనిషిని ఎక్కడికి తీసుకెళ్లాలి? పట్టణాల్లో లక్ష జనాభాకు ఇల్లు లేనివారి కోసం ఒక ఆశ్రయం, అదీ 24 గంటలూ తెరిచి ఉండేది కావాలని కేంద్ర పథకం నిబంధన పెట్టింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ 2011 నాటికే లక్ష దాటాయి. ఆ ఆశ్రయం ఎక్కడుందో, ఎన్ని మంచాలు ఖాళీగా ఉన్నాయో మున్సిపాలిటీ ప్రతి సాయంత్రం ఠాణాకు చెప్పాలి. లేకపోతే బస్టాండ్ నుంచి లేపిన మనిషి రైల్వే స్టేషన్‌కు, అక్కడ లేపితే గుడి మెట్ల మీదికి పోతాడు. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సుకు ముందు భిక్షాటన నిషేధించి, రోడ్ల మీది వాళ్లను జైలు ప్రాంగణాల్లోని ఆశ్రమాలకు తరలించారు. రోడ్లు కనబడటానికి బాగున్నాయి, అంతే.

పాలమూరుకు, అంటే మన మహబూబ్‌నగర్‌కు, ఇది ఇంకొకరి గోడు కాదు. కూలికి వలసపోయి బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద, హైదరాబాద్ బిల్డింగుల పక్కన మూటే తలగడగా పడుకున్న తరం ఇంకా మన ఊళ్లలోనే ఉంది. అప్పుడు వాళ్లను లేపిన లాఠీ ఎలాంటిదో వాళ్లనే అడగొచ్చు.

ఖర్చులేని పని ఒకటుంది. పెట్రోలింగ్‌లో కనబడిన ప్రతి మనిషి పేరు, ఊరు, అయినవాళ్ల ఫోన్ నంబర్ ఠాణాలో రాసిపెట్టాలి. నేరస్తుల జాబితా కోసం కాదు, ఇంటికి కబురు పెట్టడానికి. ఆ మనిషి సరేనంటే ఫొటో మాకు పంపండి. నాలుగు లైన్లు కాదు, మొదటి పేజీలోనే వేస్తాం.