12వ ఇంటర్వ్యూకు ఠంచనుగా వచ్చే సాచురేషన్ గారికి

మహారాజశ్రీ డేటా సాచురేషన్ గారికి,

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. మీ రాకడంటే, ఇంకెందరిని ఇంటర్వ్యూ చేసినా కొత్త సంగతి దొరకని ఘడియ. అది మాత్రం పరిశోధన ప్రతిపాదన రాసేనాటికే తెలిసిపోతుంది. "12 మంది క్రీడాకారులతో మాట్లాడతాం, అప్పటికి సాచురేషన్ వస్తుంది" అని ముందే రాసి సంతకం పెట్టేస్తారు. ఒక్కరితోనూ నోరు విప్పకముందే 13వ వాడి దగ్గర కొత్త సంగతేమీ ఉండదని తేల్చేశారంటే, అది పరిశోధనో జాతకమో మీరే చెప్పాలి.

ఈ 12 మీకు ఎక్కడ అంటుకుందో తెలిసిందే. పశ్చిమ ఆఫ్రికాలోని రెండు దేశాల మహిళలతో జరిగిన 60 ఇంటర్వ్యూలను గెస్ట్, బన్స్, జాన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో తిరగేసి చూశారు. తమ పనికి సంబంధించినంతవరకు మొదటి 12లోనే మీరు వచ్చేశారన్నారు. ఆ మహిళలు చాలావరకు ఒకే తరహావాళ్లని, అన్నిచోట్లా ఇలాగే జరగదని హెచ్చరించారు కూడా. హెచ్చరిక అక్కడే ఉండిపోయింది. అంకె మాత్రం ఈతకొలను దాకా, బాక్సింగ్ రింగు దాకా వచ్చేసింది.

నిజానికి మీది గొప్ప పుట్టుక. 1967లో గ్లేజర్, స్ట్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు మీకు ప్రాణం పోసినప్పుడు, విన్నదాన్ని వెంటవెంటనే విశ్లేషించుకుంటూ, తర్వాత ఎవరిని కలవాలో దాన్నిబట్టి తేల్చుకుంటూ, కొత్త కోణం దొరకడం ఆగేదాకా తిరగమన్నారు. ఇప్పుడు మీరు గ్రాంటు డబ్బు అయిపోయిన రోజున వేంచేస్తున్నారు.

క్రీడల్లో మీకు మరీ సులువు. గదిలో తలుపు పక్కన కోచ్ కూర్చుని ఉంటాడు. ఆటగాడు అప్పజెబుతాడు: "ఒక్కో మ్యాచ్ గురించే ఆలోచిస్తున్నాం. జట్టంతా ఒకే కుటుంబం." భుజం ఎలా ఉందని అడిగితే, ఎడమచేత్తో కుడి భుజం నొక్కుకుంటూ, కోచ్ వైపు ఓ చూపు చూసి, "బాగానే ఉందండీ" అంటాడు. రికార్డరుకు కళ్లు లేవు. ట్రాన్‌స్క్రిప్టులో భుజం బాగానే ఉంటుంది. తర్వాతి పదకొండుగురూ అవే చిలకపలుకులు పలుకుతారు. మీడియా ముందు ఏం మాట్లాడాలో అందరికీ నేర్పింది ఒక్కరే, తుది జట్టును ఎంపిక చేసేదీ ఆ కుర్చీలోని మనిషే. ఈ భయాన్ని పట్టుకుని మీ పేరు పెట్టి అచ్చేస్తారు.

లోయిక్ వాకాన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1988లో షికాగోలోని ఒక బాక్సింగ్ జిమ్‌లో చేరి, తానే గ్లవ్స్ తొడుక్కుని మూడేళ్లకు పైగా దెబ్బలు తిన్నాడు. ఆయన దగ్గరికి 12వ రోజున వెళ్లి "ఇక చాలు" అని ఉంటే మీ ముక్కు ఏమయ్యేదో!

బ్రౌన్, క్లార్క్ అనే పరిశోధకులైతే 2021లో క్రీడల గుణాత్మక (అంకెలు కాక మాటలు, అనుభవాల మీద చేసే) పరిశోధన పత్రికలోనే, మాటల్లోంచి ఇతివృత్తాలు తీసే తమ తరహా విశ్లేషణకు మీరు పొసగరని మర్యాదగా చెప్పారు. అయినా అచ్చుకు ముందు పత్రాలు పరిశీలించే సమీక్షకులు మీ కుశలమే అడుగుతున్నారు.

ప్రస్తుతానికి ఒక్క విన్నపం. రేపు కోచ్‌ను ఏదో పని మీద మైదానానికి పంపి, ఆ భుజం నొప్పి కుర్రాణ్ణే మళ్లీ కూర్చోబెడుతున్నాం. ఆ తర్వాత జట్టులోంచి తీసేసినవాళ్లను కలవాలి. అంతవరకు దయచేసి ఈ దరిదాపుల్లోకి రాకండి.

ఇట్లు,
మీ రాకకు తొందరేమీ లేని ఒక పరిశోధకుడు