డ్రైఫ్రూట్ డబ్బాకు జరుగుతున్న అన్యాయం

ఈ మధ్య ఒక ప్రమాదకరమైన ఆలోచన మన ఇళ్లలోకి చొరబడుతోంది. పండక్కి ఎవరికైనా ఏదైనా ఇచ్చేముందు కాస్త ఆలోచించాలట. పుస్తకమైతే చిన్న ప్రచురణకర్తల దగ్గర, బొమ్మయితే చేసినవాళ్ల దగ్గర, చీరయితే నేసినవాళ్ల దగ్గర కొనాలట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇది ఇలాగే ముదిరితే, మనం ఇన్నేళ్లూ కష్టపడి నిలబెట్టుకున్న ఒక వ్యవస్థ కూలిపోతుందని ఎవరూ నోరు విప్పడం లేదు కాబట్టి ఆ బాధ్యత నా మీద పడింది.

ఆ వ్యవస్థ ఎలా ఉంటుందో చూడాలంటే మా బీరువా పైకి చూడండి. రెండు డ్రైఫ్రూట్ డబ్బాలు, ఒక గోడ గడియారం, కంపెనీ లోగోలు వేసిన మూడు ఫ్లాస్కులు, ఆరు గాజు గిన్నెల సెట్టు (అందులో ఐదే ఉన్నాయి, మాకు వచ్చినప్పుడే ఐదు). వీటిలో ఏదీ మేం కొన్నది కాదు, ఏదీ మేం వాడేది కాదు. వస్తాయి, కొన్నాళ్లుంటాయి, వెళ్తాయి. దీపావళికి ఆఫీసులో ఇచ్చిన డబ్బా సంక్రాంతికి బావగారింటికి, అక్కడి నుంచి ఉగాదికి వాళ్ల వియ్యపురాలింటికి, ఆవిడ దగ్గర నుంచి ఎవరి గృహప్రవేశానికో పోతుంది. లోపల ఏముందో ఎవరూ చూడరు కాబట్టి ఎవరికీ నొప్పి లేదు. ఒక్క రూపాయి పెట్టుబడి లేకుండా పది కుటుంబాల మధ్య మర్యాద కాపాడుతున్న డబ్బా అది. దాని పొట్ట కొట్టి పుస్తకాలు ఇమ్మంటారా?

దేవుడి పటాలది వేరే సంగతి, అవి మాత్రం తిరగవు. మా గృహప్రవేశానికి వెంకటేశ్వరస్వామి పటాలు ఏడు వచ్చాయి. ఏడుకొండలవాడు కదా అని సరిపెట్టుకున్నాం. వారం తర్వాత ఎనిమిదోది వచ్చింది.

ఇంత సాఫీగా నడుస్తున్న సంసారంలోకి పోయిన సంక్రాంతికి మా మేనకోడలు ఒక కథల పుస్తకమూ, ఒక ఏటికొప్పాక బొంగరమూ పట్టుకొచ్చింది. పుస్తకం ఎవరో కొత్త రచయితది, వేసినవాళ్లు కూడా ఇద్దరో ముగ్గురో కలిసి నడిపే చిన్న సంస్థ. బెజవాడ పుస్తకాల పండగలో స్టాల్ దగ్గర నిలబడి, నాలుగు పేజీలు చదివి, నాకు నచ్చుతుందని కొన్నదట. నచ్చుతుందని! అంటే ఆ పిల్ల నా గురించి ఆలోచించింది. ఇరవై రెండేళ్లుగా నాకు ఫ్లాస్కులిస్తున్న పెద్దమనుషులెవరూ ఇంత చొరవ తీసుకోలేదు. మూడోరోజు ఫోన్. "ఏ కథ దాకా వచ్చావు మావయ్యా?" అంది. నేను అట్ట దాకా వచ్చాను. గమనించండి, డ్రైఫ్రూట్ డబ్బా ఇచ్చినవాళ్లెవరూ ఫోన్ చేసి, ఏ జీడిపప్పు దాకా వచ్చావు అని అడగరు. ఆ రాత్రి కూర్చుని రెండు కథలు చదవాల్సి వచ్చింది, పైగా రెండోది చదివాక నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. నిద్ర పాడు చేసే వస్తువును బహుమతి అనొచ్చా?

అసలు ఈ పుస్తకాలవాళ్ల లెక్కే నాకు అర్థం కాదు. ఇప్పుడు తెలుగులో చాలా పుస్తకాలు 500 కాపీలు వేస్తున్నారు, కొంచెం ధైర్యవంతులైతే వెయ్యి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. భాగించి చూస్తే లక్షా అరవై రెండు వేలమందికి ఒక కాపీ. ఒక్కొక్కళ్లు ఒక్క రోజులో చదివేసి పక్కవాళ్లకిచ్చినా, ఆ కాపీ ఒక చుట్టు తిరిగి రావడానికి 444 ఏళ్లు పడుతుంది. అయినా ఆ 500 అమ్ముడుపోవు, ఎందుకంటే మనం కొనం. కొనకపోవడానికి మనకు గౌరవప్రదమైన కారణం ఉంది: రచయిత మనకు తెలుసు. తెలిసినవాడి దగ్గర డబ్బిచ్చి కొంటే ఇంక స్నేహానికి అర్థమేముంది? "ఒక కాపీ పంపు గురూ, తీరిగ్గా చదువుతా" అంటాం. ఆయన పుస్తకం తనే రాసుకుని, తనే ప్రూఫులు దిద్దుకుని, పీఎఫ్ లోన్ పెట్టి తనే అచ్చు వేయించుకుని, అట్టముక్క పెట్టి టేపు చుట్టి, మన అడ్రసు మూడుసార్లు అడిగి, పోస్టాఫీసు క్యూలో నిలబడి పంపుతాడు. రిజిస్టర్డ్ బుక్‌పోస్టు అని చవగ్గా ఒకటుండేది, 2024 డిసెంబరులో దాన్ని ఎత్తేశారు. తర్వాత 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్నులు అదనం. ఆ ఇరవై కూడా ఆయనే పెట్టుకుంటాడు, మనం మాత్రం "అందింది" అని ఒక దణ్ణం బొమ్మ పంపుతాం. ఇంతటి ప్రోత్సాహం చాలదని, పుస్తకాన్ని డబ్బిచ్చి కొని ఇంకొకళ్లకు కానుకగా ఇవ్వాలనడం అత్యాశ.

బొంగరంతో ఇంకో రకం చిక్కు. అది బీరువా ఎక్కకముందే పైవాటా మూడేళ్ల పిల్లాడి కంటపడింది. వాడు నోట్లో పెట్టుకోగానే నాకు మంచి సాకు దొరికిందని సంతోషించి, "ఆ రంగులు మంచివి కావమ్మా, లాక్కోండి" అన్నాను. మా మేనకోడలు అక్కడే ఉంది. అది అంకుడు కర్ర మావయ్యా, పసుపు రంగు పసుపుతో చేసిందే, నీలం నీలిమందు, ఆ మెరుపు లక్కది, కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు, ఆ రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది అని ఆ బొమ్మలు చేసే ఏటికొప్పాకలో, వరహా నది ఒడ్డున పుట్టినదానిలా చెప్పుకుపోయింది. 2025 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలేనట. అంత గొప్పదైతే ఢిల్లీలోనే ఉండొచ్చు కదా. ఇప్పుడు వాడు రోజూ సాయంత్రం ఆరింటికి తలుపు కొట్టి "తాతా, బొంగరం" అంటాడు. గోడ గడియారం కోసం మా తలుపు ఎవరూ కొట్టలేదు.

అలాగని నేను ఆధునికుణ్ణి కాదనుకోకండి. నేనూ ఒకసారి ఆలోచించి ఇచ్చాను. పోచంపల్లి చీర అని ఒక షోరూములో సగం ధరకు అమ్ముతుంటే మా పెద్ద వదినగారికి కొన్నాను. ఆవిడ పుట్టిల్లు భూదాన్ పోచంపల్లికి కూతవేటు దూరం, ఆ సంగతి నాకు బిల్లు కట్టేటప్పుడు గుర్తు రాలేదు. చీర విప్పలేదు, కనీసం రంగు చూడలేదు, కొంగు పట్టుకుని తిరగేసింది. "ఏందయ్యా, ఇది నేసింది గాదు, అచ్చు కొట్టింది" అంది. నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి అసలైనదానికి రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుందట, నాది వెనక వెలవెలబోతోంది. నా మొహం కూడా. అదే ఫ్లాస్కయితే తిరగేసి చూసేవారా?

ఇక ఈసారి మేనకోడలికి మేం ఏదో ఒకటి ఇవ్వాలి కదా. ఫ్లాస్కులున్నాయి అన్నాను. మా ఆవిడ నాకేసి ఒక చూపు చూసి, ఆదివారం పొద్దున్నే కొండపల్లి బస్సెక్కించింది. బెజవాడలో ఇన్నేళ్లున్నాం, గంట కూడా పట్టదు, ఒక్కసారీ వెళ్లలేదు. దారంతా నేను బేరానికి సిద్ధమయ్యాను. మాల్‌లో స్టిక్కర్ మీద ఎంతుంటే అంత కార్డు గీకి వస్తాం, అక్కడ బేరమాడితే పరువు పోతుంది, ఆ పరువంతా తిరిగి రాబట్టుకోవాల్సింది ఇలాంటి చోటే. "కర్రేగా, ఇంత చెప్తారేంటి" అనే మాట నాలుక చివర పెట్టుకుని దిగాను. ఆ ఇంటి అరుగు మీద ఒక పెద్దాయన ఏనుగుకు తొండం అతికిస్తున్నాడు. తెల్ల పొణికి కర్రట, తడి పోయేదాకా సెగ చూపించి చెక్కుతారు, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ముక్కలు అతుకుతారు, ఎండబెట్టి తెల్లటి పూత వేస్తారు, అప్పుడు రంగులు. ఆ చెట్లు కూడా ఇదివరకటిలా దొరకడం లేదట. "కర్రేగా" అనబోయాను. తొండం అతికేదాకా ఆయన ఎవరి వంకా చూడలేదు, ఈలోగా మా ఆవిడ డబ్బులిచ్చేసింది. మేనకోడలికి ఏనుగు అంబారీ, మాకు బొమ్మల కొలువులోకి దశావతారాలు.

పది అవతారాలు. ఎక్కడ పెట్టాలి? కొలువు మెట్లు వేసేదాకా బీరువా పైనే పెడదామని డబ్బాలు దించుతుంటే ఒకటి చేయి జారి తెరుచుకుంది. లోపల జీడిపప్పు గడిలో అచ్చు పోసినట్టు పన్నెండు గుంటలున్నాయి. పప్పులు పదకొండే. టేపు మాత్రం ఎవరో ఎంతో శ్రద్ధగా మళ్లీ అతికించారు. ఇది మూడేళ్ల నుంచి మా అందరిళ్లూ తిరుగుతున్న డబ్బా, ఈ గొలుసులో ఎవరో ఒకరు తిన్నారు. బావగారిని అనుమానించడం నాకిష్టం లేదు, కానీ ఆయనకు జీడిపప్పంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం.