గాజీని ముంచిందెవరన్న గొడవలో మనం మర్చిపోయిన మనిషి

డిసెంబర్ 4 వచ్చిందంటే మా బరంపురంలో తెలుగువాళ్లు నలుగురు కూడినచోట గాజీ గొడవ తప్పదు. గాజీ అంటే 1971 భారత్-పాక్ యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి. విశాఖ రైల్లో కొన్ని గంటల దూరమే, చాలా ఇళ్లలో అక్కడ ఉద్యోగం చేసొచ్చినవాళ్లున్నారు, అందుకని ఎవరి కథ వాళ్లది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ డెప్త్ చార్జీలు (నీళ్లలో పేలే బాంబులు) వేసి ముంచేసిందని ఒకరంటే, గాజీ పెట్టిన మైనే (సముద్రంలో పెట్టే మందుపాతర) దాని కిందే పేలిందని ఇంకొకరు. (ఆ రోజు నేవీ డే జరిపేది అదే 1971 యుద్ధంలో కరాచీ మీద చేసిన దాడికి గుర్తుగా. ఆ సంగతి ఎవరికీ పట్టదు.)

ఈ వాదనలో వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ ఊసే రాదు. 1941లోనే పర్షియన్ గల్ఫ్‌లో చూపిన తెగువకు బ్రిటిష్‌వాళ్ల డీఎస్‌సీ (డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్) పతకం కొట్టిన మనిషి, 1961లో డయ్యూని పోర్చుగీసువాళ్ల నుంచి విడిపించినప్పుడు ఐఎన్ఎస్ ఢిల్లీ కెప్టెన్. 1971లో తూర్పు నౌకాదళం ఆయన చేతికొచ్చేసరికి మన విమాన వాహక నౌక విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు, పూర్తి వేగంతో వెళ్లలేదు. నవంబర్ 14న గాజీ కరాచీలో బయల్దేరింది దాన్ని వేటాడ్డానికే.

ఆయన విక్రాంత్‌ని గుట్టుగా అండమాన్ల వైపు పంపేసి, అది విశాఖ దగ్గరే ఉందని నమ్మించారు. పాత రాజ్‌పుత్‌ని సముద్రంలోకి పంపి, విక్రాంతే మాట్లాడుతున్నట్టు వైర్‌లెస్ సందేశాలు ఇప్పించారు. వేగుల చెవిన పడాలనే విశాఖ కాంట్రాక్టర్లకు భారీగా రేషన్ ఆర్డరిచ్చారు. నాకు అన్నిటికంటే నచ్చింది టెలిగ్రాం సంగతి: తల్లికి ఒంట్లో ఎలా ఉందో కనుక్కుంటూ విక్రాంత్ నావికుడు పంపినట్టు, కోడ్ ఏమీ లేకుండా ఒకటి వదిలారు. అమ్మ గురించి బెంగపడే కుర్రాణ్ణి ఎవరు అనుమానిస్తారు?

డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటే వేళ గాజీ విశాఖ ముంగిట్లోనే మునిగింది, తొంభై మందికి పైగా జలసమాధి. శకలాలు దొరికింది జాలర్లకు, మా గోపాల్‌పూర్ నోలియాల్లాంటి తెలుగు గంగపుత్రులకే. 4న విక్రాంత్ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద పడ్డాయి.

పేలింది ఎవరి మందైనా, లేని ఓడ కోసం గాజీని అంత దూరం రప్పించింది కృష్ణన్ బుర్రే. ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. గాజీని ముంచిన ఘనత మాత్రం రాజ్‌పుత్‌దేనని కృష్ణన్ అన్నారు. ఆ ఒక్క విషయంలో నేను ఆయన మాట ఒప్పుకోను.