పూలు రాలతాయి, పద్యాలు రాలవు

వసంతం వస్తున్న సంగతి చెట్ల కంటే ముందు కవులకు తెలుస్తుంది. మొగ్గ తొడగాలా వద్దా అని చెట్టు ఇంకా ఎండ చూసుకుంటూ ఉండగానే కవిగారు వసంతానికి స్వాగతం చెప్పేస్తారు, అదే ఊపులో వీడ్కోలు కూడా చెప్పేస్తారు. ఆయనకు అసలు కావాల్సింది వీడ్కోలే. ఎప్పుడూ ఉండే కొండను చూసి ఎవరూ కంటతడి పెట్టరు. నాలుగు రోజుల్లో పోయే పువ్వు కనిపిస్తే మాత్రం పెన్ను దానంతట అదే కదులుతుంది.

క్షణికమైనదే అందమైనది అనే సిద్ధాంతాన్ని నేను మనస్ఫూర్తిగా బలపరుస్తున్నాను. నా ఫిర్యాదల్లా ఒక్కటే. పువ్వు ఆ సిద్ధాంతానికి కట్టుబడి వారంలో రాలిపోతోంది. దాని మీద రాసిన కవిత మాత్రం పత్రికలో వచ్చి, సంకలనంలో వచ్చి, రెండో ముద్రణకు ముస్తాబై, దొరికిన ప్రతి సభలోనూ మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది.

ఈ విషయంలో జపాన్ వాళ్ళ క్రమశిక్షణ చూసి తీరాలి. వాళ్ళ చెర్రీ పూలు పూర్తిగా విచ్చుకున్నాక వారం రోజులు నిలిస్తే గొప్ప. ఆ కాస్త భాగ్యానికి సాక్షాత్తూ వాతావరణ శాఖే కాపలా కాస్తుంది. టోక్యోలో యాసుకుని మందిరం ఆవరణలో ఒక నమూనా చెట్టు ఉంది. పూత వేళకు అధికారి వచ్చి, తల పైకెత్తి, కొమ్మ కొమ్మా వెతికి పూలు లెక్కపెడతాడు. ఐదో ఆరో విచ్చుకుంటేనే పూత మొదలైనట్టు. నాలుగే ఉన్నాయనుకోండి, కెమెరాలతో పోగైన టీవీ వాళ్ళందరూ మర్నాడు మళ్ళీ రావాల్సిందే. చెట్టు మీద 80 శాతం విచ్చుకుంటే నిండు పూత. అశాశ్వతానికి ఇంత పకడ్బందీగా లెక్కలు రాస్తారు. శాశ్వతమైన వాటికి ఈ మర్యాద దక్కగా నేను చూడలేదు.

క్యోటోలో అయితే ఈ లెక్కలు 812వ సంవత్సరం నుంచీ దొరుకుతున్నాయి. రాజాస్థానంలోని వాళ్ళు, సన్యాసులు పూల విందుల గురించి తమ డైరీల్లో రాసుకున్నారు. "అయ్యో, రాలిపోతున్నాయే" అని నిట్టూర్చినవాళ్ళే పక్కన తేదీ వేయడం మరిచిపోలేదు. ఆ తేదీలన్నీ శాస్త్రవేత్తలు ఏరి వరసలో పెడితే 1,200 ఏళ్ళ వాతావరణ చరిత్ర తయారైంది. అంటే లోకంలో క్షణికత్వానికి ఉన్నంత పాత ఫైలు మరి దేనికీ లేదేమో! ఆ ఫైలు ప్రకారం 2021లో మార్చి 26కే నిండు పూత వచ్చేసింది. అప్పటిదాకా ముందుగా పూసిన రికార్డు 1409 మార్చి 27ది. భూమి వేడెక్కుతోంది, నగరాలు అంతకంటే వేడెక్కుతున్నాయి, పూలు తొందరపడుతున్నాయి.

కాళిదాసు కుమారసంభవంలో వసంతం వేళ కాని వేళ రావాలంటే ఎంత తతంగం! ఇంద్రుడు మన్మథుణ్ణి పిలిపించాలి, పని అప్పజెప్పాలి, మన్మథుడు తోడుగా వసంతుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాలి, చివరికి శివుడి మూడో కంటికి బూడిదైపోవాలి. ఇప్పటి అకాల వసంతానికి ఆదేశం ఇచ్చిన ఇంద్రుడూ లేడు, బాధ్యత నెత్తిన వేసుకుని కాలిపోయే మన్మథుడూ లేడు.

ఆ కావ్యం ఎలాగూ తీశాం కాబట్టి కోకిల సంగతి కూడా తేల్చేద్దాం. మన పాటల్లో గొంతెత్తేది ఎప్పుడూ కోకిలమ్మే. తోటంతా మోగేలా "కూ" అనేది నిజానికి మగపక్షి. ఆడపక్షికి పాట కంటే ముఖ్యమైన పనుంది: కాకి ఏమరుపాటుగా ఉన్నప్పుడు దాని గూట్లో గుడ్డు పెట్టి రావాలి. కాళిదాసు ఈ పొరపాటు చెయ్యలేదు. మూడో సర్గలో పాడే పక్షిని "పుంస్కోకిలం" అని లింగం కూడా చెప్పి మరీ పాడించాడు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ ముక్క ఎక్కడ పారేసుకున్నారో! మన ప్రబంధాలకు అష్టాదశ వర్ణనలనే లెక్క ఒకటి ఉండేది, అందులో ఋతువర్ణన తప్పనిసరి అంశం. సిలబస్‌లో ఉన్న పాఠానికి కిటికీ తీసి బయటికి చూడాల్సిన పనేముంది?

"ఈ క్షణం మళ్ళీ రాదు" అనే వాక్యాన్ని కూడా కాస్త పరీక్షించాలి. జపాన్‌లో ఎక్కువగా కనిపించే సోమెయ్ యోషినో చెర్రీ చెట్లు అంటు కట్టి పెంచినవి, అన్నీ ఒకే చెట్టుకు నకళ్ళు. అందుకే ఒక చోట ఉన్నవన్నీ దాదాపు కలిసే పూస్తాయి, కలిసే రాలతాయి. మళ్ళీ రాని ఆ అపూర్వ క్షణం వచ్చే ఏడు అవే కొమ్మలకు మళ్ళీ వస్తుంది. రేకు రాలడంలో విషాదమూ పెద్దగా లేదు. పరాగ సంపర్కం అయ్యాక రేకులతో చెట్టుకు పని తీరిపోతుంది, రేకు అడుగున కణాల పొర వదులవుతుంది, గాలి మిగతాది చూసుకుంటుంది. చెట్టు దృష్టిలో అది ఖర్చు తగ్గించుకోవడం. కవి దృష్టిలో ఎనిమిది చరణాలు.

మాట మీద నిలబడ్డ కవి నాకు తెలిసి ఒక్కడే, జపాన్ సన్యాసి కవి సైగ్యో. పూర్ణిమ వేళ, వసంతంలో, పూల కింద పోవాలని కవిత రాసి, 1190లో చాంద్రమానం రెండో నెల పదహారో తేదీన నిజంగానే పోయాడు. పూర్ణిమకు ఒక్క రోజు ఆలస్యం. మన కవి సమ్మేళనాల్లో ఇచ్చిన ఐదు నిమిషాలు ముగిశాక మైకు వదలడానికి పట్టే సమయంతో పోలిస్తే అది ఆలస్యమే కాదు. ఆయన కవిత మాత్రం ఇంకా పోలేదు, అది వేరే కేసు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. క్షణికత్వం మీద రాసే ప్రతి కవితకూ పువ్వుకున్న ఆయుష్షే ఇవ్వాలి. ఏడు రోజులయ్యాక కవే స్వయంగా చించేయాలి. పువ్వుల ఫొటోలు తీసి ఫోన్‌లోనూ, క్లౌడ్‌లోనూ దాచి, కింద "ఏదీ శాశ్వతం కాదు" అని రాసుకున్నవాళ్ళు ఎనిమిదో రోజుకి డిలీట్ చెయ్యాలి. ఇందులో కాళిదాసుకు మినహాయింపు ఉంటుంది. వ్యాసాలకు ఈ నిబంధన వర్తించదు. ఈ విషయం మీద నేను ఇంకా మూడు భాగాలు రాయాల్సి ఉంది, ఆ తర్వాత పుస్తకంగా వేయాలని మిత్రుల ఒత్తిడి కూడా ఎక్కువగా ఉంది.